గాలి ఎటు చెబితే అటు: అంటార్కిటికా ఓడలో రోజులు

ఆదివారం, ఉషుయాయా

అర్జెంటీనా దక్షిణ కొసన, బీగిల్ ఛానల్ ఒడ్డున ఉంటుంది ఉషుయాయా. అంటార్కిటికా వెళ్లే టూరిస్టు ఓడల్లో ఎక్కువ భాగం ఇక్కడినుంచే బయల్దేరతాయి. కారణం దూరమే. ఇక్కడినుంచి అంటార్కిటిక్ ద్వీపకల్పం దాదాపు 1000 కిలోమీటర్లు. మిగతా ఏ ఖండం నుంచి వెళ్లినా ఇంతకన్నా చాలా ఎక్కువ. హైదరాబాద్ నుంచి దుబాయ్, దుబాయ్ నుంచి రియో మీదుగా బ్యూనస్ ఐరిస్, అక్కడ సామానంతా టాక్సీలో వేసుకుని ఊరికి ఆ చివరున్న ఇంకో ఎయిర్‌పోర్టు, మళ్లీ విమానం. ఇక్కడికి చేరేసరికే మావారు "ఇంతకన్నా కాశీ నయం" అనేశారు.

మా ఓడలో ప్రయాణికులం 170 మంది దాకా ఉన్నాం. బుక్ చేసుకునేటప్పుడు నేను అన్నిటికంటే ముందు చూసింది ఈ అంకెనే. 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడ అంటార్కిటికాలో ఎవరినీ ఒడ్డుకు దించదు, దూరం నుంచి చూపించి తీసుకొచ్చేస్తుంది. చిన్న ఓడలైనా ఒకచోట ఒకేసారి 100 మందికి మించి దించకూడదు. అంటే ఓడలో ఎంత తక్కువ మంది ఉంటే ఒడ్డు మీద అంత ఎక్కువసేపు ఉండొచ్చు. ధర కూడా ఆ లెక్కలోనే పెరుగుతుంది. ఇద్దరికీ కలిపి ఎంతయిందో చెబితే మా అక్క ఇప్పటికీ నమ్మదు.

సాయంత్రం నాలుగింటికి ఎక్కించారు. పాస్‌పోర్టులు రిసెప్షన్‌లో తీసుకుని, బొమ్మ తీసి ఒక కార్డు చేతికిచ్చారు. ఓడ దిగినా, ఎక్కినా ఆ కార్డు తలుపు దగ్గర స్కాన్ చేయాలి. ఎవరైనా మంచులో మిగిలిపోతే తెలిసేది దాంతోనే. అలమరా తెరిచి బట్టలు సర్దుకుంటుండగానే సైరన్ మోగింది: ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. లైఫ్ జాకెట్లు వేసుకుని అందరం లాంజ్‌లో చేరాలి. ఈ డ్రిల్లు అయితేగానీ ఓడ కదలదు. లైఫ్ బోట్ లోపల చూపించారు. కిటికీల్లేనంత ఇరుకు, మోకాళ్లకు మోకాళ్లు తగిలేలా సీట్లు. అందులో కూర్చునే పరిస్థితి రాకూడదని అందరి మొహాల్లోనూ ఒకటే ప్రార్థన కనిపించింది.

ఛానల్‌లో ఓడ తూర్పుకు వెళుతుంటే ఎడమవైపు అర్జెంటీనా, కుడివైపు చిలీ. పొద్దు ఎంతకీ వాలలేదు. రాత్రి భోజనాలయ్యాక కుడి ఒడ్డున ప్వెర్టో విలియమ్స్ దీపాలు కనిపించాయి. ఛానల్ చివర ఒక చిన్న పడవ వచ్చి, అక్కడిదాకా ఓడకు దారి చూపిన పైలట్‌ని దించుకుపోయింది. ఓడ డాక్టరమ్మ మైకులో ఒకటే మాట చెప్పింది: "వాంతుల మాత్ర వేసుకోవాలనుకునేవాళ్లు ఇప్పుడే వేసుకోండి, రేపు పొద్దున వేసుకుంటే లాభం లేదు."

సోమవారం, డ్రేక్

కేప్ హార్న్ నుంచి దక్షిణ షెట్లాండ్ దీవుల దాకా ఉన్న నీళ్లని డ్రేక్ పాసేజ్ అంటారు, వెడల్పు 800 కిలోమీటర్లు. ఈ అక్షాంశంలో భూగోళం చుట్టూ తిరిగినా నేల అడ్డు రాదు. గాలీ అలా తిరుగుతూనే ఉంటుంది, నీళ్లూ తిరుగుతూనే ఉంటాయి. ప్రపంచంలోకెల్లా పెద్ద సముద్ర ప్రవాహం ఇదే. అదంతా దక్షిణ అమెరికాకీ అంటార్కిటికాకీ మధ్యనున్న ఈ సందులోంచే దూరి పోవాలి. అందుకే ఇక్కడ ఆ దూకుడు. నావికులు ఈ దారిని రెండు పేర్లతో పిలుస్తారు. ఊపేస్తే డ్రేక్ షేక్, ఊరుకుంటే డ్రేక్ లేక్. మాకు దొరికింది మొదటిది.

అలలు అయిదారు మీటర్లు. కెప్టెన్ దృష్టిలో ఇది మామూలే. మావారి దృష్టిలో మాత్రం ప్రళయం. పొద్దున్నే లేచి బ్రష్ నోట్లో పెట్టుకున్నారు, వెంటనే తీసేసి మంచం ఎక్కారు, ఇక దిగలేదు. మెట్ల పక్కనా, కారిడార్ల పొడవునా పట్టుకునే కడ్డీల్లో రాత్రికి రాత్రి కాగితం సంచులు గుచ్చిపెట్టారు. వాంతి సంచులు. ఎవరూ నోరు తెరిచి అడగక్కర్లేకుండా చేసిన ఈ ఏర్పాటు నాకు భలే నచ్చింది.

నేను పడిపోని కొద్దిమందిలో మిగిలాను. డైనింగ్ హాల్లో సగం బల్లలు ఖాళీ. కుర్చీలు నేలకు గొలుసులతో కట్టేసి ఉన్నాయి, బల్లల మీద పళ్లేలు జారకుండా రబ్బరు చాపలు పరిచారు. సూప్ గిన్నెలో సగమే పోస్తున్నారు. ఓడ ఒరిగినప్పుడల్లా హాల్లో వాళ్లందరూ మాట ఆపి, చేతిలో గ్లాసు ఒకేసారి పైకెత్తి పట్టుకుంటారు. అది సర్దుకోగానే మాట ఆగినచోటే మళ్లీ మొదలుపెడతారు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒక వెయిటర్ చేతిలో మూడు పళ్లేలతో ఆ ఒరుగులోనే నడిచాడు. ఒక్క మెతుకు కింద పడలేదు. మావారికి ఆకుపచ్చ ఆపిల్ ముక్కలూ, ఉప్పు బిస్కెట్లూ ఇచ్చి పంపాడు. అల్లం కన్నా అవే పనిచేశాయి. నేను మాత్రం వంటింట్లో అడిగి తెల్లన్నం, పెరుగు తెప్పించుకుని, సంచిలో తెచ్చుకున్న ఆవకాయ పొట్లం విప్పాను. ఎదురుగా కూర్చున్న ఆస్ట్రేలియా ఆవిడ రుచి చూస్తానంది. చూసింది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

మధ్యాహ్నం వెనక డెక్ మీద ఆల్బట్రాస్‌లు. వాండరింగ్ ఆల్బట్రాస్ రెక్కలు చాపితే ఈ చివర నుంచి ఆ చివరకు మూడున్నర మీటర్ల దాకా ఉంటాయి. పక్షులన్నిటిలోకీ పొడవైన రెక్కలు దానివే. అరగంట చూశాను, ఒక్కసారి కూడా రెక్క ఆడించలేదు. అల పక్కగా కిందికి జారుతుంది, అల మీదికి రాగానే గాలి తగిలి లేస్తుంది, మళ్లీ జారుతుంది. మమ్మల్ని తెగ ఇబ్బంది పెడుతున్న గాలితోనే దాని బతుకు హాయిగా సాగిపోతోంది.

మంగళవారం, ఇంకా సముద్రమే

రాత్రి ఎప్పుడో చల్లటి నీళ్లలోకి వచ్చేశాం. దక్షిణం నుంచి వచ్చే చల్లని నీరు, ఉత్తరం నుంచి వచ్చే కాస్త వెచ్చని నీరు కలిసేచోటు ఒకటుంది. దాన్ని దాటగానే సముద్రం ఉష్ణోగ్రత మూడు నాలుగు డిగ్రీలు ఒక్కసారిగా పడిపోతుంది. బయట పొగమంచు, డెక్ రెయిలింగ్ ముట్టుకుంటే చేతికి అతుక్కునేంత చలి. మావారు లేచి కూర్చుని టీ అడిగారు.

ఈరోజు పనంతా శుభ్రం చేయడమే. ఒడ్డుకు వేసుకెళ్లే ప్రతి బట్టా, బ్యాగూ, కెమెరా స్టాండూ తెచ్చి లాంజ్‌లో వాక్యూమ్ క్లీనర్ కింద పెట్టాలి. ముఖ్యంగా జేబుల మూలలు, వెల్క్రో పట్టీలు. నా పక్కనున్న పెద్దాయన వెల్క్రోలోంచి ట్వీజర్‌తో గైడ్ ఒక గడ్డి గింజ తీసి తెల్ల కాగితం మీద పెట్టి అందరికీ చూపించింది. ఆవగింజలో సగం ఉంటుంది. బయటి గడ్డి ఒకటి ఇలాగే ఎవరి బూటుకో అంటుకుని వచ్చి కింగ్ జార్జ్ దీవిలో మొలకెత్తి, పాతుకుపోయింది. తీయలేక తంటాలు పడుతున్నారు. దానికి తోడు ఇప్పుడు బర్డ్ ఫ్లూ. 2024 ఫిబ్రవరిలో అంటార్కిటికా ప్రధాన భూభాగంలో మొదటిసారి దాన్ని గుర్తించారు. దాని భయంతోనే నేల మీద కూర్చోకూడదు, మోకాలు ఆనించకూడదు, బ్యాగు కింద పెట్టకూడదు. పాదాలు తప్ప ఒంట్లో ఏదీ ఈ ఖండాన్ని తాకకూడదన్నమాట.

రూల్స్ క్లాసు గంటన్నర. పెంగ్విన్‌కి అయిదు మీటర్ల దూరం పాటించాలి, అదే దగ్గరకొస్తే మనం కదలకూడదు. ఒడ్డుకు తినేది ఏదీ తీసుకెళ్లకూడదు. రాయి కాదు కదా ఈక కూడా వెంట తెచ్చుకోకూడదు. మంచులో కాలు దిగబడి గొయ్యి పడితే వెనక్కి తిరిగి పూడ్చాలి, లేకపోతే పెంగ్విన్ అందులో పడి బయటికి రాలేదు. లక్షలు పోసి వచ్చినవాళ్లందరినీ ఒకటో తరగతి పిల్లల్లా కూర్చోబెట్టి ఇంతసేపు చెప్పడం కొందరికి నచ్చలేదని వాళ్ల మొహాలే చెప్పాయి. నాకైతే ఇంకో గంట చెప్పినా బాగుండేదనిపించింది.

లాంజ్ గోడ మీద పెద్ద మ్యాపు ఉంది. మేం వెళ్లేది దక్షిణ అమెరికా వైపు చాచినట్టున్న తోక భాగానికి. మన మైత్రి, భారతి పరిశోధన కేంద్రాలు దీనికి చాలా దూరం, దాదాపు అవతలి వైపు. మొదటి భారత బృందం 1981 డిసెంబర్‌లో గోవా నుంచి ఓడలో బయల్దేరి 1982 జనవరి 9న అంటార్కిటికాలో అడుగుపెట్టింది. 1989లో మైత్రి, 2012లో భారతి వచ్చాయి. మ్యాపు మీద వేలు పెట్టి ఇవి చూపిస్తే కెనడా జంట ఒకటి "ఇండియాకి ఇక్కడ స్టేషన్లున్నాయా!" అని ఆశ్చర్యపోయింది. వాళ్లకి తెలియకపోవడం సరే, ఇక్కడికి బయల్దేరేముందు మా అపార్ట్‌మెంట్ వాళ్లు కూడా అదే అన్నారు.

బుధవారం, డిసెప్షన్ దీవి

పొద్దున హాఫ్‌మూన్ దీవిలో దిగాలి. బూట్లు, లైఫ్ జాకెట్లు వేసుకుని సిద్ధంగా కూర్చున్నాం. మైకులో ఎక్స్‌పెడిషన్ లీడర్ గొంతు: గాలి 35 నాట్లు (గంటకు దాదాపు 65 కిలోమీటర్లు), జోడియాక్‌లు (ఒడ్డుకు తీసుకెళ్లే పడవలు) దించడం కుదరదు, వేరేచోటికి వెళుతున్నాం. ఓడలో ఎక్కువగా వినబడే మాట ప్లాన్ బి. కాయితం మీద వేసి ఇచ్చిన ప్రోగ్రామ్‌ను ఆ గాలీ, మంచూ కలిసి చదివి, కొట్టేసి, వాటికి నచ్చింది రాస్తాయి. రెండోసారి ఇలా అయ్యేసరికి ప్రోగ్రామ్ కాయితం చూడటం మానేశాను.

మధ్యాహ్నానికి డిసెప్షన్. ఇది నీళ్లలో మునిగిన అగ్నిపర్వతం. గుర్రపు డెక్కలా ఉన్న దీవికి ఒకే ఒక ద్వారం, పేరు నెప్ట్యూన్స్ బెలోస్. ఆ ఇరుకు ద్వారం మధ్యలోనే నీటి కింద రెండున్నర మీటర్ల లోతులో ఒక బండ దాక్కుని ఉంది. అందుకని ఓడ కుడి గోడకు ఒరుసుకున్నంత దగ్గరగా దూరింది. లోపల సముద్రం చెరువైపోయింది.

మొదటిసారి జోడియాక్ ఎక్కడం. జోడియాక్ అంటే గాలి నింపిన రబ్బరు పడవ, పదిమంది పడతారు. ఓడ పక్కన తలుపు తెరిచి, కిందికి మెట్లు దించుతారు. పడవ ఒక అల మీద పైకి లేచినప్పుడు దిగాలి, కిందికి పోతున్నప్పుడు దిగకూడదు. చేతికి చెయ్యి ఇస్తే పట్టుకోరు, ఇద్దరూ మణికట్టు దగ్గర పట్టుకోవాలి. నేను ముందు దిగి, వెనక్కి తిరిగి "నెమ్మదిగా, కాలు చూసి పెట్టండి" అన్నాను మావారితో. ఆయన చెయ్యి పట్టుకున్న సిబ్బంది కుర్రాడు గబుక్కున నావైపు తిరిగాడు.

"తెలుగోలా మేడమ్?"

"అవును బాబూ! నీదెక్కడ?"

"సిక్కోలు మేడమ్. సోంపేట దగ్గర. సారు గారూ, కాలు ఇటు ఏయండి. నా సెయ్యి వొదలకండి."

అంతే, పడవ కదిలిపోయింది. ఉద్దానం నుంచి మర్చంట్ షిప్పుల్లోకి వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారని విన్నాను కానీ, ఇక్కడ, ఈ ఆవిరి పొగలో వినబడుతుందనుకోలేదు ఆ యాస.

ఆవిరి అన్నది మాట వరసకు కాదు. వేలర్స్ బే అనే ఆ నల్ల ఇసుక ఒడ్డున నీళ్ల అంచు వెంట నిజంగానే పొగలు లేస్తాయి, నేల అడుగున వేడి ఇంకా ఉంది. ఒడ్డంతా తుప్పు. 1912 నుంచి 1931 దాకా నార్వే వాళ్ల హెక్టర్ కంపెనీ ఇక్కడ తిమింగలాల నుంచి నూనె తీసింది. మేడంత ఎత్తు నూనె ట్యాంకులు, పగిలిన బాయిలర్లు, ఇసుకలో సగం పూడిపోయిన చెక్క పడవలు. ఒక ట్యాంకు పక్క నిలబడి తల పైకెత్తితే దాని గోడలకు వరసలు వరసలుగా మేకులు. ఈ ట్యాంకు నిండటానికి ఎన్ని తిమింగలాలు కావాలో గైడ్ లెక్క చెప్పలేదు, నేనూ అడగలేదు. నూనె ధర పడిపోయాక కంపెనీ వెళ్లిపోయింది. తర్వాత బ్రిటిష్ వాళ్ల స్టేషన్ ఉండేది. 1967లోనూ, 1969లోనూ అగ్నిపర్వతం పేలి, బురద కొట్టుకొచ్చి దాన్నీ, పక్కనున్న శ్మశానాన్నీ ముంచేసింది. ఇప్పుడు ఆ తుప్పు మధ్య ఫర్ సీల్‌లు పడుకుని మమ్మల్ని చూసి విసుక్కుంటున్నాయి.

గురువారం, కూవర్విల్, నెకో

పెంగ్విన్‌ల గురించి ఫొటోలు చెప్పని సంగతి వాసన. కూవర్విల్ దీవి ఇంకా అర కిలోమీటరు ఉందనగానే గాలిలో కొట్టింది. కుళ్లిన రొయ్యల వాసన అంటే దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే అవి తినేది క్రిల్ అనే రొయ్య జాతినే. కొండ వాలంతా గులాబీ రంగు. అది కూడా క్రిల్ రంగే, కడుపులోంచి దాటి వచ్చింది. ద్వీపకల్పంలో పెద్ద జెంటూ పెంగ్విన్ కాలనీల్లో ఇదొకటి.

ఎర్ర జెండాలు పాతి మాకు దారి వేశారు. పెంగ్విన్‌లకు వేరే దారులున్నాయి. మంచులో ఏళ్ల తరబడి నడిచి నడిచి కాలువల్లా చేసుకున్న దారులు. రెండూ కలిసేచోట అవి వెళ్లేదాకా మనం ఆగాలి. ఒకటి మా ముందు ఆగింది. నోట్లో బొప్పాయి గింజంత రాయి. మమ్మల్ని చూసింది, రాయి కింద పెట్టింది, మళ్లీ తీసుకుంది. బొద్దుగా ఊగుతూ గూటికి చేరి, అక్కడ కూర్చున్న జత ముందు ఆ రాయి పెట్టి మెడ వంచింది. ఆవిడా మెడ వంచి ఆ రాయిని గూటి అంచున సర్దుకుంది. ఈ మర్యాదలు జరుగుతుండగానే వెనక గూటివాడు మెడ చాచి ఇంకో రాయి లాగేసుకున్నాడు. ఆవిడ అరిచిన అరుపుకు మా గుంపులో వెనకవాళ్లు కూడా ఉలిక్కిపడ్డారు. గొడవలో ఆవిడ లేచేసరికి కడుపు కింద రెండు పిల్లలు కనిపించాయి. బూడిద రంగు నూగు, మెడ నిలబెట్టే బలం కూడా లేదు. వెంటనే పిల్లల్ని ఎత్తుకుపోయే స్కూవా పక్షి ఒకటి కిందికి వాలింది. ఆవిడ కూర్చుండిపోయింది. స్కూవా పది అడుగుల దూరంలో నిలబడింది, తొందరేమీ లేనట్టు. మేమక్కడ ఉన్నంతసేపూ అది కదల్లేదు.

మధ్యాహ్నం నెకో హార్బర్. పొద్దుటిది దీవి, ఇది ఖండం. ఖండం మీద కాలు పెట్టామని అందరూ ఫొటోల హడావిడిలో ఉంటే గైడ్‌లు మమ్మల్ని ఒడ్డున నిలబడనివ్వకుండా పైకి తోలేశారు. ఎదురుగా ఉన్న హిమానీనదం నుంచి ముక్క విరిగి పడితే లేచే అల ఈ ఒడ్డుకు తన్నుకొస్తుంది. మేం చూస్తుండగానే ఒక గోడ నిలువునా జారింది. ముందు కంటికి కనిపించింది, రెండు మూడు సెకన్లకు ఉరుము వినిపించింది, ఆ తర్వాత అల.

సాయంత్రం చివరి గంట సిబ్బందికి. ప్రయాణికుల్ని చూసుకోవడం అయ్యాక వంతులవారీగా వాళ్లని ఒడ్డుకు పంపుతారు. లాండ్రీలో పనిచేసే అమ్మాయిలు ముగ్గురు, వంటవాళ్లు, మన సోంపేట అబ్బాయి. సీజన్ మొదలైనప్పటినుంచి రోజూ ఈ మంచునే చూస్తున్నా తను నేల మీదికి రావడం ఇదే మొదటిసారట. ఫోన్ నా చేతికివ్వబోయి, మనసు మార్చుకుని, "మీ కెమెరాలో తీయండి మేడమ్, ముకం బాగా వొస్తాది" అన్నాడు. టోపీ తీసి జేబులో పెట్టుకుని, జుట్టు సరిచేసుకుని నిలబడ్డాడు. "మా అమ్మ నంబరిస్తాను, దీవి దాటాక నెట్ బాగున్నప్పుడు పంపీయండి. నా నెలనెట్టు ఐపోనాది."

శుక్రవారం, లెమేర్

లెమేర్ ఛానల్ 11 కిలోమీటర్ల పొడవు. రెండు పక్కలా నిట్టనిలువు కొండలు. 1898లో బెల్జికా అనే ఓడలో బెల్జియం నావికుడు జెర్లాష్ దీన్ని మొదటిసారి దాటాడు. పొద్దున అయిదింటికే అందరం ముందు డెక్ మీద చేరాం. నేను బ్రిడ్జ్‌లోకి వెళ్లాను. ఓడ నడిపే ఆ గదిలోకి ప్రయాణికుల్ని రానిస్తారు, కానీ గొంతు తగ్గించాలి, ఇరుకు దారిలో అసలు మాట్లాడకూడదు. కిటికీ దగ్గర బైనాక్యులర్లతో నిలబడ్డది మనవాడే, లుకౌట్ డ్యూటీ.

ఛానల్‌కి ముందు, ఇంకా విశాలంగా ఉన్నచోట, అడిగాను ఏం చూస్తున్నావని. కళ్లు తిప్పకుండా చెప్పాడు. "పెద్ద కొండలంటే రేడారే సూసేస్తాది మేడమ్. గ్రోలర్ అని సిన్న మంచు ముక్క ఉంటాది, నల్లగా, గాజులాగ. నీటిపైన మూరెడే. రేడారుకి అల లాగే కనపడతాది. దానికి మా కళ్లే దిక్కు." ఇంతకుముందు బొగ్గు ఓడల్లో చేశాడు. అక్కడ ఇరవై రోజులు నీళ్లే, ఇక్కడ నీళ్లు తప్ప అన్నీ చూడాలి అన్నాడు.

ఛానల్‌లో సగం దూరం పోయాం. మంచు పలకలు దగ్గరవుతూ, ఇంక నీళ్లు కనబడలేదు. కెప్టెన్ చాలాసేపు నిలబడి చూశాడు. ఎవరితోనో రెండు మాటలు అన్నాడు. ఓడ ఉన్నచోటే నెమ్మదిగా తిరిగింది. మైకులో ప్లాన్ బి. డెక్ మీద ఒకాయన తన జీవితాశయం పోయినంత పని చేశాడు. నాకైతే ఆ ఓడ తిరిగిన తీరు, అంత పొడుగు ఇనుము ఆ సందులో ఏ పలకనూ కొట్టకుండా తిరగడం, అవతలికి వెళ్లి ఉంటే కనిపించేదానికంటే ఎక్కువ అనిపించింది.

ప్లాన్ బి పోర్ట్ లాక్‌రాయ్. 1944లో యుద్ధకాలంలో బ్రిటన్ పెట్టిన రహస్య స్థావరం. 1962లో మూసేశారు, 1996 నుంచి మ్యూజియం, పోస్టాఫీసు. నల్ల చెక్క ఇల్లు, ఎర్ర కిటికీలు, గడప దగ్గరే పెంగ్విన్ గూళ్లు. ఎండాకాలం నాలుగు నెలలు ఇక్కడ కొద్దిమంది ఉద్యోగులు ఉంటారు, నల్లా నీళ్లు ఉండవు. అందుకని ఓడ వచ్చినప్పుడు మా ఓడకే వచ్చి స్నానాలు చేసి పోతారు. స్నానానికి ముందు వాళ్లు తపాలా బిళ్లలు అమ్మారు, స్నానం తర్వాత వాళ్లే ఎర్రబడ్డ బుగ్గలతో మాతోపాటు భోజనానికి కూర్చున్నారు. దీవిలో సగంలోకి సందర్శకుల్ని రానివ్వరు. మనుషులు వచ్చే వైపూ, రాని వైపూ పెంగ్విన్‌ల లెక్క ఏళ్లుగా పోల్చి చూస్తున్నారు. మా అక్కకి కార్డు వేశాను. ఫాక్లాండ్ దీవుల మీదుగా వెళుతుందట, నెలలు పట్టొచ్చు.

శనివారం, పారడైజ్, విల్హెల్మినా

పారడైజ్ హార్బర్‌లో అర్జెంటీనా వాళ్ల బ్రౌన్ స్టేషన్ ఉంది. 1984లో ఇంకో చలికాలం ఇక్కడే ఉండాలని ఆర్డర్ వస్తే, అక్కడి డాక్టరే స్టేషన్‌కి నిప్పు పెట్టాడు. గైడ్ ఆ కథ చెబుతుంటే మా ఓడ డాక్టరమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది.

గాలి ఆగింది. అంటే సముద్రంలో దూకే కార్యక్రమం ఉందని అర్థం. నడుముకు తాడు కడతారు, కింద జోడియాక్‌లో ఇద్దరు సిద్ధంగా ఉంటారు, పైన డాక్టరమ్మ, గుండెకు షాక్ ఇచ్చే మిషనూ. నీళ్లు సున్నా దగ్గర. ఎవరు దూకుతారో చూద్దామని వెళ్లాను. వరసలో బాత్‌రోబ్‌తో మావారు! డ్రేక్‌లో టీ కప్పు పట్టుకోలేని మనిషి "హర హర మహాదేవ" అని దూకేసి, కళ్లు తెరవకుండానే తాడు లాక్కుంటూ పైకొచ్చి, మాట రాక నన్ను చూసి వేలు పైకెత్తారు. సాయంత్రం దాకా మా క్యాబిన్‌లో ఆ విషయం తప్ప ఇంకోటి లేదు.

విల్హెల్మినా బేలో జోడియాక్‌లు ఇంజిన్లు ఆపాయి. హంప్‌బ్యాక్ తిమింగలాలు. ముందు ఊపిరి వినిపించింది, తర్వాత తడిసిన చేపల వాసన మొహం మీద పడింది, అప్పుడు వీపు. రెండు కలిసి క్రిల్ చుట్టూ గుండ్రంగా బుడగలు వదులుతూ తిరిగి, ఆ బుడగల వలయం మధ్యలోంచి నోరు తెరుచుకుని లేచాయి. గైడ్ తోక అడుగు భాగం ఫొటోలు తీసింది. ఆ మచ్చలు ఒక్కోదానికి ఒక్కోరకం, దాంతో ఎవరు ఎక్కడికి తిరిగారో తెలుస్తుంది. ఇదే తీరాన, ఫోయిన్ హార్బర్‌లో గవర్నోరెన్ అనే తిమింగలాల నూనె ఓడ 1915లో తగలబడింది. మనుషులందరూ బతికారు. ఓడ మాత్రం ఇప్పటికీ సగం మునిగి, ముక్కు పైకి పెట్టి నిలబడి ఉంది, దాని మీద పక్షుల గూళ్లు. ఆ ముక్కు పక్కనుంచి పోతుంటే హంప్‌బ్యాక్ ఒకటి నింపాదిగా అటే వెళ్లింది.

రాత్రి బార్‌లో ఒక జర్మన్ ఆవిడ అడిగింది, మనమందరం ఇంత ఇంధనం కాల్చుకుని ఈ మంచును చూడ్డానికి రావడం న్యాయమేనా అని. ఇక్కడ ముతక నూనె వాడటం 2011 నుంచే నిషేధం, మా ఓడ కూడా తేలిక డీజిలే వాడుతుంది. కానీ దాంతో ప్రశ్న తీరదు. 2023-24 సీజన్లో టూరిస్టుల సంఖ్య లక్షా ఇరవై వేలు దాటింది. అందులో మేం లేకపోయినా ఓడ నిండేది అనేది సులువైన జవాబు. అది ఆవిడా ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. ఇద్దరం ఇంకో టీ తాగాం.

ఆది, సోమవారాలు, మళ్లీ డ్రేక్

ఈసారి డ్రేక్ లేక్. బూట్లు మందు నీళ్లలో చివరిసారి కడిగి ఇచ్చేశాం. బిల్లులు వచ్చాయి. సిబ్బందికి టిప్పులు ఎంతివ్వాలో కాయితం మీద రాసి పెట్టారు, నాకిది వసూలు పద్ధతిగా తోచింది కానీ అది చేరేవాళ్లని తలచుకుని నోరు మూసుకున్నాను. నెట్ కాస్త బాగుండటంతో సోంపేట ఫొటో పంపాను.

మంగళవారం, ఉషుయాయా

ఎనిమిదింటికల్లా దించేశారు. రేవులో ఒకపక్క మా సామాను దిగుతుంటే ఇంకోపక్క కొత్తవాళ్ల సామాను ఎక్కుతోంది, సాయంత్రం నాలుగింటికి మళ్లీ సైరన్, మళ్లీ లైఫ్ జాకెట్లు. మనవాడికి ఇంకా నాలుగు నెలల కాంట్రాక్టు ఉంది. తాళ్ల దగ్గర ఉన్నాడు, చెయ్యి ఊపాడు.

ఎయిర్‌పోర్టులో ఫోన్ మోగింది. వాళ్లమ్మ పంపిన వాయిస్ మెసేజ్. "అమ్మా, పోటో అందినాది. బాగున్నాడు. గానీ అంత మంచులో నెత్తి మీద టోపీ లేదేటమ్మా? జలుబు సేస్తే ఆడికి ఎవులు సూస్తారు? మీరు సెప్పుంటే ఏసుకునీవోడు గదా?"

మావారికి వినిపించాను. "నన్ను దూకినప్పుడు ఎవరూ అడగలేదు," అన్నారు.